సాకర్ పిల్లల అమ్మానాన్నలకు అందే తప్పుడు సలహాలు

అమెరికాలో వేసవి సెలవులు ముగిసే వేళకి పిల్లల సాకర్ లీగుల హడావుడి మొదలవుతుంది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉంటున్న మన తెలుగువాళ్లకు టీమ్ మెసేజ్‌తో పాటే తోటివాళ్ల సలహాలూ వచ్చి పడతాయి. వాటిలో కొన్నిటిని అస్సలు చెవిన పెట్టకండి.

"కోచింగ్ నాన్నలు చూసుకుంటారు, అమ్మలు స్నాక్స్ చూసుకుంటే చాలు." అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఈ మాటే. 1964లో కాలిఫోర్నియాలోని టారెన్స్‌లో పుట్టిన ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) లాంటి సంస్థలు వాలంటీర్ల మీదే నడుస్తాయి. కోచ్ మగవాడే కావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా సమాజశాస్త్రవేత్త మైకేల్ మెస్నర్ దక్షిణ కాలిఫోర్నియా లీగుల్ని ఏళ్ల తరబడి గమనించి, 2009లో పుస్తకం రాస్తే తేలిందేమిటి? వాలంటీర్లుగా చేరే మగవాళ్లలో ఎక్కువమంది కోచ్‌లవుతున్నారు, అలా చేరే ఆడవాళ్లలో ఎక్కువమంది 'టీమ్ మామ్'లవుతున్నారు. ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు. మొదటి మీటింగులో "నాన్నల్లో ఎవరైనా కోచ్‌గా వస్తారా?" అని ఒకసారి, "స్నాక్ లిస్ట్ ఏ అమ్మ చూస్తారు?" అని ఇంకోసారి అడిగితే చాలు, పంపకం అయిపోతుంది.

"ఆట తెలీని అమ్మ ఏం నేర్పుతుంది?" అంటారు. క్రికెట్ తప్ప ఇంకోటి ఆడని నాన్నకి మాత్రం ఏం తెలుసని? ఎనిమిదేళ్ల లోపు పిల్లల ఆటలో అటు నలుగురు, ఇటు నలుగురు. గోల్‌కీపర్ ఉండరు, ఆఫ్‌సైడ్ గొడవ లేదు, బంతి మూడో నంబరుది. తలతో కొట్టడం ఆ వయసుకి నిషేధం. కోచ్ చెయ్యాల్సిందల్లా అందరి కాళ్లకీ బంతి అందేలా చూడటం, షిన్ గార్డు మీదికి సాక్సు సరిగ్గా లాగించడం, దెబ్బ తగిలి ఏడుస్తున్న పిల్లని ఊరడించి మళ్లీ ఆటలోకి పంపడం. ఇందులో అమ్మ చెయ్యలేనిది ఏముంది?

"ఆడపిల్లే కదా, ఏదో సరదాకి ఆడనివ్వండి. ఎండలో నల్లబడితే రేపు పెళ్లికి కష్టం." ఈ మాట మన ఇళ్లలోంచే వస్తుంది, వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లండ్‌లో పుట్టిన జిల్ ఎల్లిస్‌కి 1981లో అమెరికా వచ్చేదాకా టీములో చేరి ఆడే వీలే లేదు. 2015, 2019 ప్రపంచకప్పులు అమెరికా మహిళలు గెలిచింది ఆవిడ కోచింగ్‌లోనే. కొడుకు మ్యాచ్‌కి గీత వెంబడి పరుగులు తీసే నాన్న, కూతురు ఆడుతుంటే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటే ఆ పిల్లకి తెలియకుండా ఉంటుందా? తల ఎత్తి చూడండి నాన్నగారూ, మీ అమ్మాయి ప్రతి పాస్ తర్వాతా మీవైపే చూస్తోంది.

మగపిల్లలకీ ఇలాంటి మాటల పోటు తప్పదు. మోకాలు చీరుకుపోయినవాడితో "మగాడివి, ఏడుస్తావేంట్రా" అనకండి. నీళ్లు పోసి కడిగి, నొప్పి ఎలా ఉందో అడగండి.

ఈసారి హాఫ్‌టైమ్ నారింజ ముక్కల లిస్టులో నాన్న పేరు రాయించండి. కోచ్ కావాలనుకున్న అమ్మలు రిజిస్ట్రేషన్ తెరిచిన వారంలోనే పేరు ఇవ్వండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల భద్రత కోసం ఇచ్చే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ పూర్తి కావడానికి టైము పడుతుంది.