తోడు చెప్పిన వంశచరిత్ర

నా పేరు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. నిన్నటి పెరుగు చెంచాడు తీసి గోరువెచ్చటి పాలలో తోడు వేస్తారే, అందులో తరచుగా దిగేదాన్ని నేనే, లాక్టోబాసిల్లస్ అనే కడ్డీలాంటి నేస్తంతో కలిసి. ఆత్మకథన్నాక తల్లి పేరు చెప్పాలి. అక్కడే చిక్కు. నాకు ముందున్న కణం రెండుగా చీలి నేనూ, నా పక్కదీ అయింది. ఇందులో తల్లెవరు, పిల్లెవరు?

చీలడమంటే ఉత్తినే తెగిపోవడం కాదు. ముందు పాలలోని లాక్టోజ్ తిని ఒళ్లు చేయాలి. వలయంగా ఉన్న నా డీఎన్‌ఏకి నకలు తయారవ్వాలి. అప్పుడు నడిమికి ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రొటీన్ మొలతాడులా చుట్టుకుంటుంది. ఆ చుట్టు కుంచించుకుపోతుంటే దాని వెంటే కొత్త గోడ లోపలికి పెరిగి, ఒక్క గది రెండవుతుంది. ఆడా మగా ప్రసక్తే లేదు. మేం ఎప్పుడూ ఒకే దిశలో చీలుతాం, చీలాక కూడా అంటుకునే ఉంటాం. అందుకే సూక్ష్మదర్శినిలో గొలుసులుగా కనిపిస్తాం.

పాలు 40 డిగ్రీల దగ్గర ఉంటే మాకు పండగే. అరగంటకోసారి రెట్టింపవుతామనుకోండి, అయిదు గంటల్లో ఒకటి కాస్తా 1,024. మమ్మల్ని ఆపేదీ మేమే. తిన్న చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా వదులుతాం. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి పాలలోని కేసీన్ గట్టిపడుతుంది, ఆ పులుపుకి నేను నీరసిస్తాను. నా నేస్తం మాత్రం ఇంకా పులియబెడుతూనే ఉంటుంది. పెరుగు పుల్లబడిందన్న తిట్లు ఎక్కువగా దానికే చెందాలి.

అందరం నకళ్లమే కావడంలో పెద్ద ప్రమాదముంది. బ్యాక్టీరియాఫేజ్ అనే వైరస్ మాలో ఒకదాని తాళం తీసిందంటే వంశమంతటి తాళం తీసినట్టే. డెయిరీల్లో తొట్లకొద్దీ పాలు అలా తోడుకోకుండా పాడైన సందర్భాలున్నాయి. కానీ ఎక్కడో ఒక కణం బతికిపోతుంది, దాడికొచ్చిన ఫేజ్ డీఎన్‌ఏ తునకను తన డీఎన్‌ఏలో అతికించుకుంటుంది. అది చీలినప్పుడల్లా ఆ తునకకీ నకలు పడుతుంది. ఇక ఆ సంతతి మీద అదే ఫేజ్ పాచిక అంత తేలిగ్గా పారదు. క్రిస్పర్ అనే ఈ రక్షణను 2007లో ప్రయోగంతో నిరూపించింది మా జాతిలోనే. 2020 రసాయనశాస్త్ర నోబెల్ మాత్రం, గొంతునొప్పి తెచ్చే మా దాయాది స్ట్రెప్టోకాకస్ పయోజీన్స్ దగ్గర దొరికిన, డీఎన్‌ఏను కోసే క్రిస్పర్ కత్తెర మీద జరిగిన పనికి వెళ్లింది. మాకు దక్కింది దద్దోజనంలో ఆవాల తాలింపు.