పల్లెటూరి మగాడి మీద నెపం

పాపం, పల్లెటూరి జవాను! ఆడమనిషి ఆర్డరేస్తే అతగాడి మనసు తట్టుకోలేదట. ఈ మాట ఏ రచ్చబండ పెద్దమనిషో అన్నది కాదు. సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. జవాన్లు మగవాళ్లట, ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చారట, మహిళా అధికారి కింద పనిచేసేందుకు మానసికంగా ఇంకా సిద్ధపడలేదట. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనను కొట్టిపారేసింది. అదైనా తుపాకీ పట్టి ముందు వరసలో నిలబడే పని గురించా? కాదు. సిగ్నల్స్, ఇంజినీర్స్ లాంటి విభాగాల్లో పర్మనెంట్ కమిషన్, కమాండ్ పోస్టుల కోసం!

పల్లెల ముచ్చట మాకే చెప్తున్నరా సార్?

ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం, ఇరవై ఏళ్లు నిండకముందే తెలంగాణ సాయుధ పోరాటంలో దళాన్ని నడిపింది. మారుపేరు రాజక్క. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. అంటే శత్రువుకు కూడా ఆమె కమాండరేనని అర్థమైంది. రాజక్క వెంట నడిచిన పల్లెటూరి మగాళ్లకు మనసు సిద్ధం చేసే క్లాసులు ఎవరు చెప్పారు?

ఈ లెక్కలో కామ్రేడ్లూ తక్కువ తినలేదు. 1951లో పోరాటం విరమించాక చాలామంది ఆడవాళ్లకు దక్కిన పోస్టింగ్ వంటిల్లే. ఆ గోడంతా స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఉంది.

గల్వాన్‌లో 2020 జూన్ 15న అమరుడైన కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేటే. ఆయన నడిపింది 16 బిహార్, పదాతిదళం. ఆయన విగ్రహానికి దండం పెట్టి, నేనూ అక్కడికే పోతానని ఒక పిల్ల అంటే? ఫిరంగి దగ్గరికి రావచ్చమ్మా, 2023లో ఆర్టిలరీ తలుపు తీశాం. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదవచ్చు, 2025 మేలో 17 మంది అమ్మాయిలు పాసయ్యారు. పదాతిదళమా? ట్యాంకు దళమా? ఆగు తల్లీ, ఇంకా టైముంది!

ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి చెప్పడానికి మాత్రం కర్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ కావాలి. టీవీ ముందు నారీశక్తి. పదాతిదళం గేటు దగ్గర? నారీ, నువ్వు పక్కకు జరుగు.

మార్చి 8 వస్తే కోదాడలో, మిర్యాలగూడలో వేదికలెక్కి, మహిళలు అన్ని రంగాల్లో దూసుకుపోతున్నారని దంచే ముఖ్య అతిథులూ, అన్ని రంగాలంటే ఏవేవండీ? ఈసారి శాలువాలు, మెమెంటోలు ఇంట్లోనే పెట్టి రండి. ఇన్‌ఫాంట్రీ దరఖాస్తులు పట్టుకురండి. నింపే పిల్లలు మా దగ్గరున్నారు.