ఫ్రిజ్జు మీది ఆటవెలది: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక. ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. మిన్నియాపొలిస్‌లో మా ఇంటి ఫ్రిజ్జు తలుపు మీద, "పాలు, పెరుగు, కొత్తిమీర" అని రాసుకున్న చీటీ పక్కన, వెంకటేశ్వరస్వామి అయస్కాంతం కింద దొరికింది. కవి మా నాన్న. తెనాలిలో 32 ఏళ్లు తెలుగు మాస్టారు. వేసవిలో రండి నాన్నా అంటే వినకుండా, మంచు చూడాలిరా అని అమ్మను వెంటబెట్టుకుని డిసెంబరులో దిగారు. మూడోరోజుకే మంచు చూడటం అయిపోయింది. మిగతా యాభై రోజులూ కిటికీ దగ్గర కూర్చుని నన్ను చూశారు. ఎందుకంటే ఆ ఏడే నేను లావు చక్రాల సైకిలు, ఇక్కడివాళ్లు ఫ్యాట్ బైక్ అనేది, కొన్నాను. కావ్యానికి కారణం కావలసినంత దొరికింది.

మూలం:

గాలి తగ్గినపుడె గట్టిమంచున బండి
కదలు; నిండుగాలి కదలనీదు;
చెమట పట్టెనేని చేతికి చలిపట్టు;
మబ్బు పడక మున్నె మరలి రమ్ము.

ఛందస్సు ఆటవెలది. గా-గ, క-క, చె-చే, మ-మ, యతులు చెల్లాయి. ఈ విషయంలో కవిగారిని చూడకుండా నమ్మవచ్చు. అయినా వేళ్లు మడిచి లెక్కపెట్టాను, కొడుకునన్నాక తప్పదు.

ప్రతిపదార్థం: గాలి = టైరులో కొట్టిన గాలి; తగ్గినపుడె = బొటనవేలితో నొక్కితే లొంగేంతగా ఉన్నప్పుడు మాత్రమే; గట్టిమంచున = తొక్కి చదును చేసిన మంచు మీద; బండి = సదరు సైకిలు; కదలు = సాగును; నిండుగాలి = దీని మీద తగవుంది, కింద చూడండి; కదలనీదు = అడుగు వెయ్యనివ్వదు; చెమట పట్టెనేని = ఒంటికి చెమట పోస్తే; చేతికి = వేళ్లకు; చలిపట్టు = కొంకర్లు పోవును; మబ్బు పడక మున్నె = దీని మీద ఇంకా పెద్ద తగవుంది; మరలి రమ్ము = తిరిగి రా.

తాత్పర్యం: ఒరేయ్, టైర్లో గాలి తియ్యి, చెమట పట్టేలా తొక్కకు, పొద్దుండగా ఇంటికి చేరు.

ఇక్కడితో చాలు. కానీ చాలన్నవాడు వ్యాఖ్యాత కాలేడు. ఇక విశేషాలు.

"గాలి తగ్గినపుడె". ఇది కవి తన పాత మతాన్ని తానే ఖండించుకున్న చోటు. ఆయన బడికి వెళ్లిన సైకిలుకు 28 అంగుళాల చక్రం, అంగుళన్నర టైరు. షాపువాడు గాలి కొట్టాక ఈయన బొటనవేలితో నొక్కి చూసేవారు. వేలు నొప్పెట్టాలి గాని టైరు లొంగకూడదు. ఆ వారసత్వంతోనే నేను నాలుగున్నర అంగుళాల టైరుకి 20 పౌండ్లు కొట్టి మొదటిరోజు మంచులోకి వెళ్లాను. దిబ్బరొట్టెలోకి అట్లకాడ దిగినట్టు ముందుచక్రం దిగింది. నేను హ్యాండిల్ మీదుగా వెళ్లి పక్కింటివాళ్ల కంచె పక్కన పడ్డాను. కిటికీలోంచి ఒక మాస్టారు చూస్తున్నారు.

టైరులో ఎన్ని పౌండ్ల గాలి ఉంటే, నేల మీద చదరపు అంగుళానికి దాదాపు అన్ని పౌండ్ల బరువే పడుతుంది. నేనూ సైకిలూ కలిసి 95 కిలోలు, అంటే 210 పౌండ్లు. గాలి 20 ఉంటే రెండు చక్రాలూ కలిసి నేలను తాకే చోటు పది చదరపు అంగుళాలు, మన పోస్టుకార్డులో సగం. సగం కార్డు మీద మనిషిని నిలబెడితే మంచు ఎందుకు మోస్తుంది? 5 పౌండ్లకు దించితే చక్రానికో కార్డు చొప్పున పరుచుకుంటుంది. సర్కసు ఏనుగు పాదంలా వెడల్పై, దిగకుండా పైపైన పోతుంది. ఎక్కువ గాలి కొట్టడమే బండికి మేలు చెయ్యడమని మూడు తరాలుగా నమ్మిన వంశంలో ఈ మాట పద్యానికెక్కడం చిన్న విషయం కాదు.

ఈ బండి పుట్టింది అలాస్కాలో. 1987లో అక్కడ కుక్కలబళ్ల దారి మీద 200 మైళ్ల సైకిలు పందెం పెట్టారు, ఇడిటాబైక్ అని. మామూలు టైర్లు కూరుకుపోతుంటే కొందరు రెండేసి రిమ్ములు పక్కపక్కన అతికించి తొక్కారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైమన్ రాకోవర్ అనే ఆయన 44 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్ము చేసి అమ్మాడు. 2005లో మా మిన్నెసోటా కంపెనీయే, సర్లీ, పగ్స్‌లీ అనే సైకిలు తెచ్చాక నాబోటివాడు కూడా షాపుకెళ్లి కొనుక్కోగలిగాడు. మూలకావ్యం అలాస్కాదైతే అచ్చువేసింది మావాళ్లన్నమాట.

ఇప్పుడు వ్యాకరణం. కవి "తగ్గించినపుడె" అనలేదు, "తగ్గినపుడె" అన్నారు. తగ్గు అకర్మక క్రియ. కర్త నువ్వు కాదు, గాలే. ఇది ఛందస్సు కోసమని తేలిగ్గా తీసుకున్నాను. రెండోవారం బుద్ధొచ్చింది. బేస్‌మెంట్‌లో 20 డిగ్రీల వెచ్చదనంలో కూర్చుని, మీటరు పెట్టి, సరిగ్గా 5 పౌండ్లు ఉంచాను. బయట మైనస్ 20. పావుమైలు వెళ్లేసరికి వేరుకి తగిలి రిమ్ము 'ఠంగ్' మంది. చలికి గాలి ముడుచుకుంటుంది. మీటరు చూపించేది బయటి వాతావరణం మీద మిగిలిన అదనమే కాబట్టి దెబ్బంతా దాని మీదే పడుతుంది. లెక్క వేస్తే 5 కాస్తా రెండుంబావు. ఎవరూ తియ్యకుండానే సగానికి పైగా గాలి తగ్గింది. అకర్మకం! పాణిని లెక్క వేరుగా ఉండొచ్చు గాని భౌతికశాస్త్రం మా నాన్న వైపుంది. అప్పటినుంచి సైకిలు గరాజులోనే. బయట అరగంట నిలబెట్టాకే మీటరు తీస్తాను. వెచ్చటి గదికీ చలికీ మధ్య తిప్పితే లోపల చెమ్మ పట్టి గడ్డకడుతుంది కూడా. వెనకచక్రం ఇరుసులో మామూలు గ్రీజు బిగుసుకుందంటే ఇక పెడలు గిర్రున తిరుగుతుంది, చక్రం మాత్రం నీతో నాకు పనిలేదంటుంది. కొనగానే అక్కడ చలికి ఆగే పల్చటి గ్రీజు వేయించుకోవాలి.

"గట్టిమంచున". ఇక్కడ ఆక్షేపణ. గట్టి మంచు మీద 7, 8 పౌండ్లున్నా బండి నడుస్తుంది. 3, 4కి దించాల్సింది మెత్తటి కొత్త మంచులో. కాబట్టి కవి "మెత్తమంచున" అనవలసింది, యతి కోసం "గట్టి" అన్నారని నేను మొదట తీర్మానించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ఊళ్లో థియోడోర్ వర్త్ పార్కులో ఈ సైకిళ్ల కోసమే మంచుని తొక్కించి దారులు వేస్తారు. అక్కడి మర్యాద ఒకటుంది: నీ టైరు అంగుళానికి మించి గాడి పెడుతోందంటే ఆ పూట దిగి ఇంటికి పో. ఆ గాడి రాత్రికి బిగిసి రేపు వచ్చేవాడిని పడేస్తుంది. పక్కనే స్కీయింగు వాళ్ల జాడలుంటాయి, వాటి మీద ఎక్కనే కూడదు. అంటే గట్టిమంచు అన్నది మంచు వర్ణన కాదు, తొక్కడానికి అర్హత.

"గడ్డమంచున" అని పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి, యతీ చెల్లుతుంది, మనిషి మాత్రం పడతాడు. గడ్డకట్టిన నున్నటి మంచు మీద గాలి ఎంత తీసినా లాభం లేదు, టంగ్‌స్టన్ కార్బైడు మేకులు దిగ్గొట్టిన టైర్లు కావాలి. చెరువు మీదకెళ్తే ఇంకో లెక్క: కొత్తగా కట్టిన తేట మంచు నడిచే మనిషికే 4 అంగుళాల మందం ఉండాలని ఇక్కడి సహజవనరుల శాఖ చెబుతుంది. పాఠాంతరాన్ని తోసిపుచ్చుతున్నాను.

"నిండుగాలి". ఒకే పద్యంలో గాలి రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదా? కాదు. రెండో గాలి ఈదురుగాలి. మైనస్ 20లో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 30లా ఉంటుంది. గాలి లేని రోజున కూడా తొక్కేవాడే తన గాలి తాను పుట్టించుకుంటాడు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి పెట్టుకుని వెళ్లాలి, వచ్చేటప్పుడు అది వీపున ఉండాలి. తిరగబడిందా, తడిసిన ఒంటితో ఎదురుగాలిలో ఇంటికి రావలసి వస్తుంది. దాని సంగతి మూడో పాదంలో.

"చెమట పట్టెనేని చేతికి చలిపట్టు". ఈ పద్యానికి ప్రాణం ఇదే. చెమట వీపుకి, చలి వేళ్లకి. కారణం ఒకచోట, కార్యం మరోచోట ఉంటే ఆలంకారికులు దాన్ని అసంగతి అన్నారు. మా నాన్న అలంకారం అనుకునే రాశారేమో గాని అది ఉన్నమాట. చెమటకి తడిసిన బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. నడుము భాగం చల్లబడుతోందని తెలియగానే ఒళ్లు ముందు గుండెనీ పేగుల్నీ కాపాడుకోవాలని చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. ఇల్లు నిలవాలంటే వసారా వదులుకున్నట్టు. అప్పుడు వేళ్లకి ఎంత మందపాటి గ్లవ్సు తొడిగినా వేడి పుట్టదు, ఎందుకంటే గ్లవ్సు వేడిని దాస్తుందే గాని చెయ్యదు.

ఇందులో కవి దాటేసిన విషయం ఒకటుంది. నాకు చెమట పట్టి తడిసినది నూలు బనీను. నూలు తడిని పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. ఈ దేశంలో శీతాకాలం దాన్ని ఒంటికి తగలనివ్వరు, లోపల ఉన్ని తొడుగుతారు. ఆ బనీన్లు అరడజను తెనాలినుంచి నా కోసం తెచ్చింది సాక్షాత్తు కవిగారే. కనుక పద్యంలో చెమట ఉంది, బనీను లేదు.

ఆచరణ ఏమిటంటే, గడప దాటగానే చలి వెయ్యాలి. గుమ్మంలోనే హాయిగా ఉంటే ఒక బట్ట ఎక్కువైందని అర్థం. పది నిమిషాలు తొక్కాక ఒంట్లో వేడి పుడుతుంది. ఎత్తు ఎక్కబోయే ముందు జిప్పు దించాలి, దిగబోయే ముందు ఎగలాగాలి. "చేతికి" అన్నది ఉపలక్షణం; కాళ్లు, చెవులు, ముక్కు కూడా కలుపుకోవాలి. చేతుల కోసం హ్యాండిల్‌కే తొడిగే తొడుగులుంటాయి, పోగీలంటారు. చూడటానికి రెండు కొమ్ములకీ దిండు గలీబులు తొడిగినట్టుంటుంది. "గంగిరెద్దుని చేశావేమిట్రా" అంది అమ్మ. అయితే కాలి సంగతిలో అమ్మే గెలిచింది. నేను రెండు జతల మేజోళ్లు బిగించి బూటులో కుక్కితే వేళ్లు కదల్లేదు, రక్తం ఆడలేదు, చలి రెట్టింపయింది. అమ్మ ఒక జత విప్పించి, మిగిలిన మేజోళ్ల మీద ఖాళీ బ్రెడ్ కవర్లు తొడిగింది. మిన్నెసోటా ముసలమ్మలు తరతరాలుగా పిల్లలకి చేస్తున్నది అదేనని ఆవిడకెవరూ చెప్పలేదు. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవాలని మాత్రం నేనే కనిపెట్టాననుకున్నాను, తర్వాత చూస్తే అందరూ అలాగే పెడుతున్నారు. మంచు పైనుంచి కడుతుంది గనక మూత వైపు నీళ్లుగానే మిగులుతాయి. ఫోను చొక్కా లోపల, ఒంటికి ఆనించి. అంతే.

"మబ్బు పడక మున్నె". మబ్బంటే మేఘమనే అర్థం ఇక్కడ పొసగదు. ఈ దేశపు శీతాకాలంలో మబ్బు పడితే రాత్రి కాస్త వెచ్చన. నేల వేడిని పైకి పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుంది. ఒళ్లు జివ్వుమనేది నక్షత్రాలు మిలమిలలాడే రాత్రే. నిఘంటువుల్లో మబ్బుకి చీకటని కూడా ఉంది, అదే గ్రాహ్యం. డిసెంబరు రెండోవారంలో ఇక్కడ 4:30 దాటితే పొద్దుగూకుతుంది. మూడింటికి బయల్దేరి "ఇంకో చుట్టు" అనుకునేవాడి కోసం ఈ పాదం.

మా ఆవిడది హనుమకొండ. "మబ్బులంటే తెల్లారకముందు గదా, మా తాత మబ్బుల లేసి పొలం వోయేటోడు" అంది. ఆ అర్థం నాకు పరమానందం కలిగించింది. తెల్లవారుజాము లోపల తిరిగి వస్తే చాలని కవిహృదయం! ఆ ఆనందం ఆవిడ కంటపడింది. "మామయ్య రాసింది చీకటే" అని తన మాండలికాన్ని తానే కొట్టేసింది.

ఈ పాదాన్ని లెక్కచెయ్యనివారూ ఉన్నారు. జనవరి చివర మా రాష్ట్రం ఉత్తరాన ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి టవర్ దాకా 135 మైళ్లు, యారోహెడ్ అనే పందెం. 60 గంటల గడువు. మైనస్ 20 ఫారెన్‌హీట్‌కి ఆగే పడక సంచీ, పొయ్యి వెంట ఉండాలి. మెడలో దారానికి ఈల కట్టుకోవాలి, చలికి నోరు బిగిసి కేక వెయ్యలేకపోవచ్చని. మంగళసూత్రంలా ఈల కట్టుకుని చీకట్లోకి పోయేవారి గురించి మా కవికి చెబితే, "వాళ్లకి నాన్నలు లేరా?" అన్నారు.

"మరలి రమ్ము". తిరిగి రా, సరే, ఎక్కడికి? కాగితం ఫ్రిజ్జు మీదుంది గనుక వంటింటికి అని తేలిగ్గా చెప్పవచ్చు. అయితే మొన్న అయస్కాంతం తీసి కాగితం తిప్పితే వెనకాల తారీఖు కనిపించింది. వాళ్లు తెనాలి బయల్దేరడానికి ముందు రాత్రి. ఆ వారమంతా నేను సైకిలు ముట్టుకోలేదు. సూట్‌కేసులు తూచడం, పచ్చళ్ల ఖాళీ సీసాలు కడిగి సర్దడం, ఇదే పని. మర్నాడు విమానాశ్రయానికి తప్ప నేనెక్కడికీ పోయేది లేదు. మరి ఎవణ్ణి, ఎక్కడికి రమ్మన్నట్టు?

వ్యాఖ్యాతలకు సాధారణంగా కవి బతికి దొరకడు. నాకు దొరికాడు గనక ఫోను చేశాను. "నాన్నా, నాలుగో పాదంలో మరలి రమ్ము అన్నారు కదా..."

"మకారానికి మకారం పడింది. అందులో ఏముందిరా?"

"అది కాదు, ఎక్కడికి రమ్మని?"

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "ఇదిగో, మీ అమ్మ మాట్లాడుతుందట" అని ఫోను ఇచ్చేశారు. అమ్మ నిద్రమత్తు గొంతుతో, ఇంత రాత్రప్పుడు ఎందుకు లేపావని నన్నే అడిగింది.