సున్నాకు ఆరు మార్కులు

అభిమాన గాయకుడు కొత్త ఆల్బమ్ తేగానే తాము దగాపడ్డామని ఏడ్చే జాతి ఒకటుంది. ఇండీ సంగీత శ్రోతలు, అంటే పెద్ద కంపెనీల నీడ పడని పాటలు వినేవాళ్లు. సినిమా పాట నచ్చకపోతే మనవాళ్లు "వినగా వినగా ఎక్కుతుందిలే" అని ఓ వారం గడువిస్తారు. ఇండీ శ్రోత దగ్గర వాయిదాలుండవు. మూడో పాట అయ్యేలోపే తీర్పు వస్తుంది: "అమ్ముడుపోయాడు!" ఎవరికి, ఎంతకు అని అడక్కండి. నిన్నటిదాకా తానొక్కడే హెడ్‌ఫోన్లలో విన్న గొంతును ఇవాళ పక్కింటివాడూ వింటున్నాడు. నేరమల్లా అదే.

విస్కాన్సిన్ గాయకుడు జస్టిన్ వెర్నన్‌నే చూడండి. బ్యాండు చెదిరింది, ప్రేమ చెడింది, ఒళ్లు జబ్బుపడింది. 2006 చలికాలంలో తండ్రిగారి వేట గుడిసెకు పోయి ఒంటరిగా పాటలు రికార్డు చేసుకున్నాడు. బాన్ ఐవర్ పేరుతో వచ్చిన ఆ 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో' విని జనం కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే గొప్ప ఆల్బమ్, నాకేం పేచీ లేదు. అదే మనిషి 2016లో '22, ఎ మిలియన్'లో గొంతును యంత్రాల్లో వేసి నలిపి, చీల్చి, అతికించేసరికి కొందరు భక్తులు మొహం మాడ్చుకున్నారు. పాపం, వాళ్ల కోరిక చిన్నదే. అతను ఆ గుడిసెలోనే, ఆ మంచులోనే, ఆ జబ్బుతోనే ఉండిపోవాలి. కోలుకున్నాడో, ద్రోహి!

ఈ లెక్కన అందరికంటే బుద్ధిమంతుడు న్యూట్రల్ మిల్క్ హోటల్ బ్యాండు నడిపిన జెఫ్ మాంగమ్. 1998లో 'ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ' ఇచ్చాక ఆ బ్యాండు మరో కొత్త ఆల్బమ్ ఊసెత్తలేదు. అప్పట్లో దానికి సంగీత సమీక్షల పత్రిక పిచ్‌ఫోర్క్ పదికి 8.7 ఇచ్చింది. 2005లో అదే ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేస్తే 10.0 ఇచ్చింది. ఏడేళ్లు ఊరుకున్నందుకు 1.3 మార్కులు!

ఆ దశాంశ బిందువుకు చేతులెత్తి మొక్కాలి. మనసు ఎంత కరిగిందో పదోవంతు దాకా తూచే కంసాలి త్రాసు పిచ్‌ఫోర్క్ వారికే దొరికింది. 8.6 దుఃఖానికీ 8.7 దుఃఖానికీ ఎన్ని కన్నీటి చుక్కల తేడానో మాత్రం వాళ్లు ఇంతవరకూ చెప్పలేదు.

ఆ త్రాసు కింద నలిగిన గాయని లిజ్ ఫెయిర్. 1993లో 'ఎగ్జైల్ ఇన్ గైవిల్'తో ఇండీ రసికుల ఇలవేల్పు అయిపోయింది. పదేళ్ల తర్వాత తన పేరుతోనే ఒక ఆల్బమ్ తెచ్చింది. పెద్ద కంపెనీ క్యాపిటల్ విడుదల చేసింది. కొన్ని పాటలకు అవ్రిల్ లవీన్ హిట్ల వెనకున్న మ్యాట్రిక్స్ బృందం సాయపడింది. అంతే, పిచ్‌ఫోర్క్ 0.0 వేసింది. ఒక్క డ్రమ్ము దెబ్బకైనా, కనీసం కవర్ బొమ్మకైనా పదోవంతు మార్కు రాల్చలేదు. ఆమె పాడలేకపోయిందని కాదు ఆ కోపం. 1993లో తాము ఊహించుకున్న లిజ్ ఫెయిర్‌గా మిగల్లేదని. ఆ మాట ఒప్పుకోవడం నామోషీ. అందుకే కడుపుమంటకు అంకె తొడిగి విమర్శ అన్నారు.

2019లో ఆ సమీక్ష రాసినాయనే ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2021లో, పాత తీర్పుల్లో ఇప్పుడైతే వేటిని మారుస్తామో చెబుతూ పిచ్‌ఫోర్క్ ఆ సున్నాను 6.0 చేసింది. అదే జాబితాలో ఇంటర్‌పోల్ బ్యాండు తొలి ఆల్బమ్ 9.5 నుంచి 7.0కి దిగింది. ఈలోగా రెండు ఆల్బమ్‌లలోనూ ఒక్క స్వరమైనా కదల్లేదు.

ఇంతకీ ఆ సున్నా ఆల్బమ్‌లోని 'వై కాంట్ ఐ?' పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 32వ స్థానం దాకా వెళ్లింది. లిజ్ ఫెయిర్ పాటల్లో మరేదీ అంత పైకి ఎక్కలేదు.