ఇజాజత్ ఉన్నదా?

"తప్పు చేయనివాడికి భయమెందుకు?" 2021లో పాతబస్తీ షహ్రాన్ మార్కెట్ దగ్గర పోలీసులు ఒకాయన్ని ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారు. ఆయన నోటీసిచ్చి, తరవాత హైకోర్టుకెక్కాడు. అప్పుడు చాలామంది పెద్దమనుషులు అన్న మాట ఇదే. నిఘా ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చని వాళ్ల నమ్మకం. ఈ ఊళ్లో ఆ ప్రయోగం ఒకసారి పూర్తిగా జరిగిపోయింది, ఫలితాలూ వచ్చేశాయి. తెలియకపోతే చెబుతాను.

ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ జమానాలో గస్తీ నిశాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. రాజకీయ సభ సంగతి సరే, గ్రంథాలయ వార్షికోత్సవానికీ దరఖాస్తే. 1930లో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ కూడా ఈ గడప దాటవలసినదే. నాలుగు పుస్తకాలు, ఒక కిరసనాయిలు దీపం ఉన్న గదిని చూసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ ప్రభువు జడుసుకోవడం చరిత్రలో అరుదైన ఘట్టం. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని పుట్టకముందే నిషేధించారు. పురుడు పోయకముందే పాడె కట్టడం అన్నమాట. ఎనిమిదేళ్లకు గాని ఆ నిషేధం తొలగలేదు.

ఇందులో భూగోళం కూడా ఉంది. మూసీకి ఇవతల చార్మినార్, పురానీ హవేలీ నిజాం హుకుం కింద. వంతెన దాటి సుల్తాన్ బజారుకు వెళితే 1933 దాకా అది ఇంగ్లీషు రెసిడెంటు ఇలాకా. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పుట్టింది రెసిడెన్సీ బజారులోనే. ఇవతలి ఒడ్డున రాజద్రోహమైన మాట అవతలి ఒడ్డున ఉపన్యాసం. అంతటి ప్రమాదకరమైన తెలుగు పుస్తకానికీ సర్కారుకీ మధ్య మోకాలిలోతు నీళ్లు!

నగర పోలీసు అధిపతి కొత్వాలు అంటే రాక్షసుడని అనుకోకండి. 1920 నుంచి పద్నాలుగేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, రెడ్డి హాస్టలు పెట్టి పల్లెపిల్లలను చదివించిన పెద్దమనిషి. ఆ హాస్టల్లో చదువుకున్నవాళ్లు తరవాత అదే సర్కారు మీద తిరగబడ్డారు. మనిషి మంచివాడైతే కార్ఖానా మంచిదైపోదు గదా.

ఇక అసలు పరీక్ష. 1947 అక్టోబరు 27, తెల్లవారుజాము మూడు గంటల వేళ. ఇండియన్ యూనియన్‌తో యథాతథ ఒడంబడిక కోసం ఢిల్లీకి బయలుదేరాల్సిన ప్రతినిధుల ఇళ్ల చుట్టూ వేలమంది జనం మూగారు. ప్రధాని ఛత్తారీ నవాబు ఇల్లూ అందులో ఉంది. మజ్లిస్-ఇ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడు కాసిం రజ్వీ మనుషులు వాళ్లు. ప్రయాణం ఆగిపోయింది. ప్రధాని మారిపోయాడు, లాయక్ అలీ వచ్చాడు. పోలీసు టోపీ ఒక్కటైనా కనబడలేదు. గ్రంథాలయంలో పదిమంది చేరితే పసిగట్టే రహస్య పోలీసు ఖుఫియా, సందుసందునా చెవి ఉన్న ఖుఫియా, ప్రధాని గుమ్మం ముందు చేరిన వేలమందిని చూడలేకపోయింది. వాళ్లు ఏ గస్తీ నిశాన్ కింద దరఖాస్తు పెట్టుకున్నారో, స్టాంపు ఎవరు వేశారో ఇప్పటికైనా పెద్దలు సెలవివ్వాలి.

అక్కడే ఉంది కిటుకంతా. ఆ నిఘా యంత్రం కనిపెట్టింది అడిగి సభ పెట్టుకునేవాళ్లను మాత్రమే. అడగనివాళ్ల దగ్గర తుపాకులున్నాయి, పైనించి ఆశీస్సులున్నాయి. ఆ తరవాత ఖుఫియా రహస్యంగా ఉండవలసిన అగత్యమూ పోయింది. రజ్వీ దండు రజాకార్లు ఖాకీ తొడిగి బాహాటంగా కవాతు చేశారు. ఎర్రకోట మీద ఆసఫియా జెండా ఎగరేస్తామని, బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని లాతూరు వకీలు రజ్వీ గర్జించేవాడు. కలవాలంటే సముద్రతీరం దాకా పోవాలన్న లెక్క అలలకు గాని, ఆయనకు గాని పట్టలేదు.

చేయగలిగినవి చేశారు. 1948 ఆగస్టు 22 అర్ధరాత్రి 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడలో చంపారు, రాసే చెయ్యి తెగ్గొట్టారు. ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు, అదీ నేరం. ఆయన ముస్లిమే సుమా. ఐదు రోజులకు బైరాన్‌పల్లి మీద రజాకార్లు, పోలీసులు కలిసే పడ్డారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17 సాయంత్రానికి అంతా అయిపోయింది. రెండు లక్షల రజాకార్లని చెప్పుకున్న బలం, తరాలుగా అల్లిన ఖుఫియా, అన్నీ కలిసి ఐదు రోజులు. 23న రేడియోలో నిజాం ప్రభువు సెలవిచ్చారు: రజ్వీ ముఠా హిట్లర్ పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ణి చేసిందట! గ్రంథాలయం గుమ్మం దగ్గర కూడా కళ్లుపెట్టిన ప్రభువుకు తన సింహాసనం పక్కన ఏం జరుగుతోందో తెలియలేదన్నమాట. ఆ నిస్సహాయుడు తరవాత 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు.

రజ్వీ జైలుకెళ్లి, 1957లో బయటపడి పాకిస్తాన్ చేరాడు. లాయక్ అలీ ఇంకా నయం, 1950లో గృహనిర్బంధం నుంచే జారుకున్నాడు. కాపలా కాస్తున్న కొత్త సర్కారు పోలీసులకు ఆ కబురు తెలిసింది ఆయన కరాచీలో తేలాకనే. కాపలా ఎంత గట్టిదో చూడండి. రజాకార్ల పాపం మోసింది మాత్రం రజ్వీ ముఖమైనా చూడని పేద ముస్లిములు. సైన్యం వచ్చాక మరాఠ్వాడాలో, బీదరులో జరిగిన ఊచకోతల్లో ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్క కట్టింది. ఆ నివేదికను ఢిల్లీ దశాబ్దాల తరబడి బయటికి రానివ్వలేదు. రహస్యం కాపాడటంలో ఖుఫియా పాఠం ఢిల్లీకి బాగానే వంటబట్టింది.

ఈ కార్ఖానా మూతపడిందనుకుంటే మీ భ్రమ. 2023 డిసెంబరు 3న తెలంగాణలో ఓట్ల ఫలితాలొచ్చాయి. మర్నాడు రాత్రి నిఘా విభాగం ఆఫీసులో హార్డ్ డిస్కులు విరిగాయని, ముక్కలు మూసీ పాలయ్యాయని పోలీసులే పోలీసుల మీద కేసు పెట్టారు. తేల్చవలసింది కోర్టు. ఆ విభాగం పుట్టింది మావోయిస్టులను కనిపెట్టడానికి. దాని చెవి పడ్డవాళ్లలో జడ్జీలు, జర్నలిస్టులు, ఎదుటి పార్టీ నాయకులు ఉన్నారని ఆరోపణ.