పేపరు చదవని కరెంట్ అఫైర్స్

ఇప్పుడు గ్రూప్స్‌కు చదివే పిల్లల్ని కరెంట్ అఫైర్స్ ఎట్లా చదువుతున్నారని అడగండి. జేబులోంచి ఫోన్ తీసి చూపిస్తారు. నెలకొక పీడీఎఫ్. అందులో వరసబెట్టి బిట్లు: అవార్డు ఎవరికి, సదస్సు ఎక్కడ, ఫలానా సూచీలో మన దేశం ఎన్నో స్థానం. ఏడాదికి సరిపడా పీడీఎఫ్‌లు దింపుకుని, పరీక్ష ముందు రెండుసార్లు తిరగేసి, రివిజన్ అయిపోయిందంటారు. ఇన్ని జవాబులు నోటికొచ్చిన పిల్లల్లో ఒక్క వార్తనైనా మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తున్నారు. నా బాధంతా అదే.

మా రోజుల్లో, అంటే 1970ల చివర, 80ల మొదట్లో, డోర్నకల్‌లో ఉండి పోటీపరీక్షకు చదవాలంటే ముందు రైలు రావాలి. మాది కాజీపేట-విజయవాడ లైను మీద జంక్షను. కొత్తగూడెం బొగ్గు లైను ఇక్కడే చీలుతుంది. పేపరు కట్టలు రైల్లో వచ్చేవి. అవి ప్లాట్‌ఫాం మీద పడగానే తాడు విప్పేదాకా కూడా ఆగలేకపోయేవాళ్లం. ఇంటికి పేపరు వేయించుకునే స్తోమత కొద్దిమందికే ఉండేది. మిగతావాళ్లకు హోటలే దిక్కు. ఒక్క చాయ్ తాగి రెండు పేపర్లు చదివినా హోటలాయన ఏమీ అనేవాడు కాదు. ఒకడు పైకి చదివితే చుట్టూ ఉన్నవాళ్లు వినేవాళ్లు, మధ్యలో ఆపి అడిగేవాళ్లు, కాదని వాదించేవాళ్లు. అంతకుముందే పొద్దున ఏడింటికి రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వినేసి ఉండేవాళ్లం. అట్లా ఒక వార్త విన్నాక చదివి, చదివాక కొట్లాడి, రాత్రికి నోటుపుస్తకంలోకి ఎక్కేది. పరీక్ష నాటికి దాన్ని బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండేది కాదు.

పుస్తకాల సంగతీ అంతే. వరంగల్ పోయినవాళ్లెవరైనా కాంపిటీషన్ సక్సెస్ రివ్యూ తెస్తే అది చేతులు మారీ మారీ అట్ట ఊడేదాకా తిరిగేది. మనోరమ ఇయర్‌బుక్ ఊళ్లో ఒకరి దగ్గరుంటే అందరి దగ్గరా ఉన్నట్టే. యోజన పత్రికలో ఒక వ్యాసం వారం రోజుల చర్చకు సరిపోయేది.

ఆ నోటుపుస్తకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మాకు రివిజన్ అంటే అదే. కుడి పేజీలో వార్త రాసి, ఎడమ పేజీ ఖాళీగా వదిలేవాళ్లం. అదే సంగతి మళ్లీ ఎప్పుడు పేపర్లో కనిపించినా, దాని వెనకటి కథ తెలిసినా ఎడమ పేజీలో తేదీ వేసి చేర్చేవాళ్లం. 1980 ఏప్రిల్ 15న ఆరు బ్యాంకులను జాతీయం చేశారు. అది కుడి పేజీ. 1969 జులై 19న మొదటి విడత పద్నాలుగు బ్యాంకులను తీసుకున్నారు. అది ఎడమ పేజీ. మొదటిసారి యాభై కోట్లకు పైగా డిపాజిట్లున్న బ్యాంకులను తీసుకుంటే, రెండోసారి రెండువందల కోట్లకు పైబడినవాటిని తీసుకున్నారు. ఆ కొలత ఎందుకు మారిందో తెలుసుకుందామని కూర్చుంటే పదకొండేళ్ల ఆర్థిక చరిత్రంతా చదవాల్సి వచ్చేది. ఆ ఆరింటిలో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఇప్పటి పిల్లలకు ఈ చివరి ముక్క ఒక్కటే బిట్టుగా అందుతోంది: ఆంధ్రా బ్యాంకు ఎందులో విలీనమైంది? జవాబు టక్కున చెబుతారు. ఎవరు పెట్టారు, ప్రభుత్వం ఎందుకు తీసుకుంది, చివరికి ఎందుకు కలిపేసింది అంటే నోరు మెదపరు. వాళ్లు చదివిన కాగితంలో అది లేదు.

మొన్నీమధ్య దగ్గరి తండా పిల్లాడొకడు నా దగ్గరికొచ్చాడు. గ్రూప్-2కు చదువుతున్నాడు. చురుకైనవాడు, కష్టపడేవాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం గురించి అడిగితే గడగడా చెప్పాడు. తండాలు గ్రామపంచాయతీలయ్యాయన్నాడు, జనాభా ఐదువందలు ఉండాలన్నాడు. అంతా సరిగ్గానే ఉంది.

"మరి మీరు ఎస్టీలు ఎప్పుడయ్యారు బిడ్డా?" అన్నాను.

"మొదటి నుంచే కదా సార్?"

"కాదు. తెలంగాణలో లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చింది 1976 చట్టంతో. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే ఉన్నారు. ఇక్కడ లేరు. మీ నాయన చెప్పలేదా?"

"చెప్పలేదు సార్. పీడీఎఫ్‌లో కూడా రాలేదు."

ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. దాంతో ఈ చుట్టుపక్కల తండాల్లో ఎన్ని ఇళ్ల రాత మారిందో చూసినవాణ్ని. ఆ మలుపు నుంచే నియోజకవర్గాల పునర్విభజనలో డోర్నకల్ ఎస్టీ రిజర్వుడు స్థానమై 2009 ఎన్నికలకు వెళ్లడం దాకా, తండా తన సర్పంచిని తానే ఎన్నుకోవడం దాకా వచ్చాం. పాలిటీ, సామాజిక నిర్మాణం, తెలంగాణ చరిత్ర, కరెంట్ అఫైర్స్ అని సిలబస్‌లో నాలుగు చోట్ల విడివిడిగా కనిపించే పాఠం ఆ పిల్లాడి ఇంట్లో ఒకే కథగా ఉంది. వాడికది ఎవరూ చెప్పలేదు. వాడు చదివిన బిట్టు మాత్రం వాడి కుటుంబం గురించే.

కళ్లముందు జరిగిన సంగతీ అంతే. 2024 సెప్టెంబర్ మొదటి రోజున వానలకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. మా లైను మీద రైళ్లన్నీ ఆగిపోయాయి. ఆకేరు వాగు పొంగి మరిపెడ వైపు ఊళ్లు మునిగాయి. విపత్తు నిర్వహణ, చెరువుల కట్టలు, వంతెనల ఎత్తు, కేంద్ర సాయం, వాతావరణ హెచ్చరికలు, వీటన్నింటి మీదా ఎంత పెద్ద ప్రశ్నైనా అడగొచ్చు. మా పిల్లలు ఆ నీళ్లను కళ్లారా చూశారు. అయినా పరీక్షలో విపత్తుల మీద వ్యాసం రాయమంటే ఎక్కడో ఉత్తరాఖండ్ ఉదాహరణే రాస్తారు. ఎందుకంటే కోచింగ్ నోట్సులో అదే ఉంది.

బిట్లు చదివితే మార్కులు రావా అని అడుగుతారు. కొన్ని వస్తాయి. కానీ పరీక్ష తీరు మారింది. యూపీఎస్సీ ప్రిలిమ్స్ సిలబస్‌లో మొదటి వరసలోనే జాతీయ, అంతర్జాతీయ వర్తమాన సంఘటనలు ఉంటాయి. అయితే అక్కడ ఎవరు, ఎక్కడ అని నేరుగా అడిగేది తక్కువ. రెండు మూడు వాక్యాలిచ్చి ఏది సరైనదో తేల్చమంటారు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సేకే 150 మార్కుల పేపరుంది. అక్కడ వన్ లైనర్లు ఎందుకూ పనికిరావు. మొదలూ చివరా తెలిసినవాడే రాయగలడు.

ఇంత చెప్పి, తప్పంతా పిల్లలదే అంటే అన్యాయం. వాళ్లను ఈ దారి పట్టించింది పెద్దలే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ జరిపారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వస్తే, వాయిదా మీద వాయిదా పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. కాకతీయుల చరిత్ర రెండేళ్లలో మారదు, గోదావరి ఉపనదులూ మారవు. కరెంట్ అఫైర్స్ మాత్రం పరీక్ష వాయిదా పడ్డ ప్రతిసారీ పాతబడుతుంది. పొలమమ్మి కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్న పిల్లాడు అప్పటిదాకా చదివింది పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాలి. అంతటి తొందరలో వాడు పీడీఎఫ్ పట్టుకోక ఏం చేస్తాడు? మా కాలంలోనూ పరీక్షలు ఆలస్యమయ్యేవి. కానీ ఒకే ఉద్యోగానికి మూడుసార్లు ప్రిలిమ్స్ రాయించిన కాలం మాది కాదు.

మరి చదివే అలవాటు మన గడ్డకు కొత్తా? మహబూబాబాద్ దగ్గరి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లోనే 'తెనుగు' అనే వారపత్రిక పెట్టారు. నిజాం కాలంలో, పల్లెటూళ్లో, సొంత అచ్చుయంత్రం మీద. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలిసింది. పేపరు చదివి పదిమందికి వినిపించడం తెలంగాణలో ఉద్యమంగా సాగింది. ఆ వారసత్వమున్న జిల్లా పిల్లలు వార్తను ముక్కలుగా కొనుక్కుని మింగుతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ డబ్బుతో ప్రతి మండల గ్రంథాలయానికీ నాలుగు పేపర్లు, ఒక ఇయర్‌బుక్, యోజన పత్రిక తెప్పించండి. రాత్రి తొమ్మిదిదాకా తలుపు తెరిచి ఉంచండి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏడాది మొదట్లో ఇచ్చిన పరీక్షల క్యాలెండర్‌ను ఏడాది చివరిదాకా నిలబెట్టాలి. పిల్లలకు నేను చెప్పేదొక్కటే. పీడీఎఫ్ ఉంటే ఉండనీ, పరీక్ష ముందు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. రోజూ మాత్రం ఒక పేపరు పూర్తిగా చదవండి. ఒక్క వార్త ఎంచుకుని అది ఎక్కడ మొదలైందో వెతికి ఒక పేజీ రాయండి. పక్క పేజీ ఖాళీగా ఉంచండి. రేపు మీరు తహసీల్దారో డీఎస్పీయో అయినప్పుడు మీ ముందుకొచ్చేవాళ్లు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమని అడగరు. వాళ్ల గోడు మొదటి నుంచి చెబుతారు. దాన్ని చివరిదాకా విని అర్థం చేసుకునే ఓపిక ఇప్పటి చదువులోనే రావాలి.