యాభై కిలోల బస్తా

‘ఎఫ్ ఈజీక్వల్టు ఎమ్ ఏ’ అని ఎనిమిదో తరగతి మొత్తం నిద్రలో లేపినా అప్పజెబుతుంది. న్యూటన్ దొర 1687లో గమన నియమాలు అచ్చేసిన దగ్గర్నుంచీ పిల్లలకి ఇదొక బాధ్యత. బలమంటే ఏమిట్రా, త్వరణమంటే ఏమిట్రా అని అడిగితే మాత్రం అందరూ బల్లకేసి చూస్తారు.

అందుకని సైన్సు మేష్టారు మెకానిక్ షెడ్డులో పాత బేరింగులు అడిగి తెచ్చి, చెక్కబండి ఒకటి చేయించి వరండాలో పెట్టారు. చేపలవాళ్లు తూచే స్ప్రింగు కాటా దానికి తగిలించి, ముల్లు రెండు కిలోల గీత మీదే నిలిచేలా లాగమన్నారు. అంటే దగ్గర దగ్గర 20 న్యూటన్ల బలం. లాగే కుర్రాడికి చిక్కు అక్కడే వచ్చింది. ఒకే నడక నడిస్తే ముల్లు జారిపోతోంది. అది కదలకుండా ఉండాలంటే అడుగడుక్కీ జోరు పెంచాల్సిందే. త్వరణం సంగతి వాడి బుర్ర కన్నా ముందు కాళ్లకే తెలిసింది.

25 కిలోల ఆరో తరగతి పిల్లాణ్ణి ఎక్కిస్తే బండి వరండా చివరికి 5 సెకన్లలో వచ్చింది. అంతే బరువున్న ఇంకొకణ్ణి పక్కన కూర్చోబెడితే 7 పట్టింది.

“కాలాన్ని కాదు, దాని వర్గాన్ని చూడండి. ఐదైదులు ఇరవై ఐదు, ఏడేడులు నలభై తొమ్మిది. ద్రవ్యరాశి రెట్టింపైతే త్వరణం సగమైనట్టేగా!” మేష్టారి మొహం వెలిగిపోయింది.

ఆ ఊపులో మధ్యాహ్న భోజనాల గదిలోంచి బియ్యం బస్తా తెప్పించి ఎక్కించారు. దాని మీద ‘50 కిలోలు’ అని అచ్చు. బండి ఆరున్నరకే వచ్చేసింది. మళ్లీ లాగించారు. మళ్లీ ఆరున్నరే. ముందు బెంచీ అమ్మాయి నోట్సు వెనకపేజీలో గుణించి, “ఇందులో 43 కిలోలే ఉన్నాయి సార్” అంది.

సందడికి హెడ్మాస్టరు గారు వచ్చారు. సంగతి విన్నారు. “నేల మీద ఘర్షణ ఉంటుంది కదమ్మా. దానివల్ల లెక్క అటూ ఇటూ అవుతుంది.”

“ఘర్షణ ఎక్కువైతే బండి ఆలస్యంగా రావాలి కద సార్? ఇది ముందే వచ్చేసిందే?”

ఆయన మాట్లాడలేదు. అటెండరును పిలిచి కొత్త తాళం కొనుక్కు రమ్మన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రానికి తాళం వచ్చింది. బండిని స్టోరు గదిలో పెట్టించి, దగ్గరుండి తాళం వేయించారు.